చర్చ: జంతువు పలచబడ్డ కొండల్లో కణుజు, కొండగొర్రె జాడ పట్టడం (ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి వైపు)

నాగావళి_ఒడ్డు
మన రాయగడ, గుణుపురం కొండల్లో కణుజునీ (సంబర జింక), కొండగొర్రెనీ ఫొటో తియ్యాలంటే పద్ధతి ఏటండీ? మధ్యప్రదేశ్‌లోని కన్హా పార్కు గురించి రాసిన సలహాలు ఇక్కడ పనికిరావు. అక్కడ జీపులో కూర్చుంటే దుప్పుల మందలే ఎదురొస్తాయి. ఇక్కడ పోడు, మేకలు, కట్టెల కోసం తిరిగే జనం. మిగిలిన నాలుగు జంతువులూ మనిషి వాసనకే కొండ దాటేస్తాయి. గాలి, కూర్చునే చోటు, గిట్టల అచ్చుల కొలతలు, ట్రాప్ కెమెరా (జంతువు ఒంటివేడి పసిగట్టి తనంతట తానే ఫొటో తీసేది) గురించి తెలిసినవాళ్ళు చెప్పండి. సొంత సాహసాలు వద్దు.

నిర్వాహకుడు
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ జంతువుల వేట నేరం. చైత్ర పండగ వేట ఆనవాయితీ అని చెప్పినా నేరమే. ఉచ్చు, తుపాకీ, మాంసం ప్రశ్నలు కనపడితే తీసేస్తాను. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళకండి. రిజర్వు ఫారెస్టయినా ముందు రేంజ్ ఆఫీసులో అడగండి, కెమెరా కట్టాలంటే తప్పకుండా.

గెడ్డదారి
జంతువు తక్కువున్న చోట ఎంత ఎక్కువ తిరిగితే అంత తక్కువ కనిపిస్తుంది. పగలు జాడ వెతకండి, తెల్లవారుజామున ఒకే చోట కదలకుండా కూర్చోండి. మూడు రోజుల్లో రెండు రోజులు జాడకే ఖర్చు పెట్టినా నష్టం లేదు.

ఎక్కడ వెతకాలో నెలని బట్టి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో గెడ్డ (కొండవాగు) కిందంతా ఎండిపోయి, పైన అది పుట్టే చోట ఒకటో రెండో చెలమలు మిగులుతాయి. ముందు అక్కడికి వెళ్ళండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప చెట్లు చూడాలి. పువ్వు రాత్రి, తెల్లవారుజామున రాలుతుంది. ఊరి దగ్గరి చెట్ల కింద జనం చీకటితోనే వచ్చేస్తారు కాబట్టి ఊరికి దూరంగా, కింద ఆకులు కాల్చకుండా వదిలేసిన చెట్టు కావాలి. చలికాలంలో ఉసిరి. కొండగొర్రె, దుప్పి, కణుజు మూడూ ఉసిరికాయ తింటాయి. పోడు కంది పచ్చగా ఉన్నన్నాళ్ళూ చేను పైఅంచున, అడవి కలిసే చోట చూడండి.

వానాకాలం వెళ్ళకండి. ఆకు దట్టం, జలగలు, పైగా జాడ గంటలో కొట్టుకుపోతుంది.

మహేంద్రతనయ
అచ్చులకి స్కేలు అక్కర్లేదు, అగ్గిపెట్టె చాలు. పొడుగు వైపు సుమారు 5 సెంటీమీటర్లు, అడ్డం మూడున్నర. పొడుగుకి సరిపోతే దుప్పి. దాన్ని బాగా దాటి 7 పైన ఉంటే ఎదిగిన కణుజు. అడ్డం కొలతలో ఇమిడిపోతే కొండగొర్రె.

చిక్కల్లా మేకతో. కొండగొర్రె అచ్చూ మేక అచ్చూ దగ్గర దగ్గర సైజే. మేక గిట్ట ముందు మొద్దుగా, వేళ్ళు విడివడి పడుతుంది. కొండగొర్రెది సన్నగా, ముందు కోసుగా, రెండు భాగాలూ దగ్గరగా ఉంటుంది. మేకలైతే ఒక్క అచ్చు కాదు, డొంకంతా తొక్కేసి ఉంటుంది. అడవిపందిది గుండ్రం, మెత్తటి మట్టిలో వెనక చిన్న గిట్టలు రెండూ బయటికి విడిగా పడతాయి.

పెంటికలు పుల్లతో విరిచి చూడండి. పైన మెరుపు చూసి తాజా అనుకోకండి, మంచు పడినా వాన పడినా పాతవి మెరుస్తాయి. లోపల పచ్చగా, తడిగా ఉంటేనే ఆ రాత్రివి.

జయపురం_లెన్సు
@మహేంద్రతనయ అన్నా, ఏ కొండగొర్రె? మనవైపు ఆ పేరు రెండిటికి వాడతారు. ఒకటి కుక్కలా మొరిగేది, ఒడియాలో కుట్రా. రెండోది నాలుగు కొమ్ములది, చౌసింగా. అది అసలు జింక జాతే కాదు, కొమ్ములు రాలవు, కొమ్మలు వెయ్యవు.

మహేంద్రతనయ
నిజమే, నేను చెప్పింది కుట్రా గురించి. చౌసింగా అచ్చు కూడా చిన్నదే కాబట్టి గిట్టతో తేల్చకండి, పెంటికలతో తేల్చండి. చౌసింగా మళ్ళీ మళ్ళీ ఒకే చోటికి వచ్చి వేస్తుంది. పాతవి తెల్లబడి, వాటి మీద కొత్తవి నల్లగా ఉన్న కుప్ప దొరికితే అది వదలొద్దు, కెమెరా అక్కడే కట్టండి. ఊళ్ళో దారి చూపేవాళ్ళని అడిగేటప్పుడు "కుట్రా" అనో "సంబర" అనో అడగండి, తికమక ఉండదు.

సీలేరు_గట్టు
పొద్దున్నే ఎత్తుకి పోయి కూర్చుంటే లోవంతా (లోయంతా) కనిపిస్తుంది కదా, అదే మేలు.

గెడ్డదారి
కాదు తమ్ముడూ, ఎక్కువమంది ఫొటో పోగొట్టుకునేది అక్కడే. ఎండ తగలకముందు చల్లగాలి కొండ మీంచి లోవలోకి జారుతుంది. ఎనిమిది, తొమ్మిది దాటి వాలు వేడెక్కాక అదే గాలి పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడ్డాక మళ్ళీ కిందికి. కణుజు రాత్రి దిగి మేసి, తెల్లారేసరికి పైన పొదల్లోకి ఎక్కుతుంది. దాని దారికి పైన నువ్వు కూర్చుంటే నీ వాసన సూటిగా దాని ముక్కులోకే. అది కనపడకముందే "ఢాంక్" అని ఒక్క అరుపు, కాలు నేలకేసి కొట్టిన చప్పుడు, అంతే.

అందుకని గెడ్డకి ఇవతల, ఎదుటి వాలు మీద కూర్చో. మధ్యలో 100, 150 మీటర్లు ఉన్నా పర్వాలేదు. పొయ్యి బూడిద జల్లించి పలచటి గుడ్డలో మూట కట్టుకుని, పది నిమిషాలకోసారి వేలితో తట్టు. బూడిద ఎటు పోతే నీ వాసన అటే. లోవ మలుపుల్లో గాలి సుడి తిరుగుతుంది. బూడిద ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతుంటే ఆ చోటు వదిలెయ్, ఎంత మంచి జాడ ఉన్నా సరే.

మనవైపు వేసవిలో ఐదుకే వెలుగొస్తుంది. నాలుగున్నరకల్లా చోటులో ఉండాలి.

జయపురం_లెన్సు
ఎదుటి వాలు నుంచి అంటే లెన్సు 400 కావాలి. చెట్ల నీడలో షట్టర్ 1/250 కన్నా తగ్గించకండి, ఐఎస్ఓ 3200 దాకా పోనివ్వండి. గింజలు పడ్డ ఫొటోని బాగు చెయ్యొచ్చు, కదిలిపోయినదాన్ని చెయ్యలేం. సైలెంట్ షట్టర్ పెట్టండి, ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపం ఆపెయ్యండి. బైనాక్యులర్ 8×42 అయితే మసక వెలుగులోనూ పనిచేస్తుంది. జంతువంతా కనిపిస్తుందని చూడకండి. చెవి కదలడం, నిలువు చెట్ల మధ్య అడ్డంగా ఒక గీతలా వీపు, అంతే కనిపించేది.

మిలిటరీ మచ్చల బట్టలు మాత్రం వేసుకోకండి. ఈ జిల్లాల్లో పోలీసులు ఆపుతారు, ఊరివాళ్ళు భయపడతారు. మాసిన మట్టిరంగు చొక్కా చాలు.

గుణుపురం_బాబాయ్
ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. చేను అంచుల్లో పందుల కోసం కరెంటు తీగ వేస్తారు. మోకాలికి కాస్త కింద, పుల్లలకి కట్టిన సన్న ఇనపతీగ, చీకట్లో కనపడదు. స్తంభం నుంచి కొక్కెం వేసి లాగిందైతే ముట్టుకున్న మనిషి మిగలడు. వెలుగు రాకుండా చేలకి అడ్డంపడి నడవద్దు, టార్చి నేలకి వేసి డొంక మీదే వెళ్ళండి. క్లచ్ వైరు ఉచ్చులు వేరు, అవి పొదల మధ్య జంతువు దూరే సందుల్లో ఉంటాయి. ఏది కనపడ్డా చెయ్యి పెట్టకండి. దూరం నుంచి ఫొటో, జీపీఎస్ తీసి ఫారెస్టువాళ్ళకి ఇవ్వండి.

ఇంకోటి. ఇది మలేరియా అడవి. నిండు చేతులు, దోమల క్రీము. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే ఊరికే బిళ్ళ మింగకుండా రక్తపరీక్ష చేయించండి. క్రీము వాసనకి జంతువు పారిపోతుందని మానేసేవాళ్ళున్నారు. గాలి సరిగా ఉంటే క్రీమూ పట్టదు, సరిగా లేకపోతే మీ చెమటే చాలు.

నాగావళి_ఒడ్డు
ట్రాప్ కెమెరా ఎత్తు ఎంత, బాబాయ్?

గుణుపురం_బాబాయ్
నాకు తెలీదు బాబూ, లెన్సు కుర్రాణ్ణి అడుగు.

జయపురం_లెన్సు
నేల నుంచి 40, 45 సెంటీమీటర్లు. నడుము ఎత్తులో కడితే కుట్రా కిందనుంచి పోతుంది. దారికి 3 నుంచి 5 మీటర్ల దూరం, దారికి అడ్డంగా కాకుండా ఏటవాలుగా, 45 డిగ్రీలు. అడ్డంగా పెడితే తోక ఒక్కటే దొరుకుతుంది. కెమెరా ముఖం ఉత్తరానికి ఉండాలి. తూర్పు పడమరలకి పెడితే ఎండకే ఉత్తుత్తి ఫొటోలు వందలు. ముందున్న గడ్డి పీకెయ్యండి, అది ఊగినా ఉత్తుత్తి ఫొటోలే. మే నెల మధ్యాహ్నం గాలి వేడి జంతువు ఒంటివేడికి దగ్గరగా వస్తుంది, అప్పుడు సెన్సర్ పట్టదు. దాన్ని పాడైందనుకోకండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం వెయ్యండి, చీమలు దూరకుండా రబ్బరు అంచు శుభ్రంగా ఉంచండి.

ఉప్పు గడ్డలు వేసి రప్పించే పని చెయ్యొద్దు, రేపు అదే చోట ఉచ్చులు లేస్తాయి. నెట్‌లో పెట్టేముందు ఫొటోలోంచి లొకేషన్ తీసెయ్యండి. కారణం అదే.

నాగావళి_ఒడ్డు
చెలమ దగ్గర కడితే మేకలే వస్తాయేమో మరి?

జయపురం_లెన్సు
వస్తాయి. టైము చూసి వేరు చేసుకోండి, మేకలు పగలు కాపరి వెనక, కణుజు చీకటి పడ్డాక. కాకపోతే కెమెరా గడియారం ముందు చూసుకోండి. బ్యాటరీ మార్చినప్పుడు కొన్ని మోడళ్ళలో తేదీ మొదటికి పోతుంది, ఆ కార్డుతో ఏదీ తేల్చలేం.