అప్‌డేట్: లావెండర్ నూనెతో మెడ మీద దద్దుర్లు, టెస్టులో ఏం తేలిందంటే

లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్ రాస్తే మెడ మీద దద్దుర్లు వస్తున్నాయి, బదులుగా ఏం వాడొచ్చని అడిగాను కదా, ప్యాచ్ టెస్ట్ చేయించుకోమన్నవాళ్లందరికీ చాలా థాంక్స్. చేయించుకున్నాను. అలర్జీ తెప్పించగల పదార్థాలు పెట్టిన చిన్న పట్టీలు వీపు మీద అంటించి 48 గంటలు ఉంచి తీశారు, ఆ తర్వాత ఇంకోసారి చూశారు (రెండోసారి తప్పకుండా వెళ్లండి, కొన్ని రియాక్షన్లు ఆలస్యంగా బయటపడతాయి). లినలూల్ (లావెండర్ నూనెకి వాసననిచ్చే పదార్థాల్లో ఒకటి) పెట్టిన చోట ఎర్రగా ఉబ్బి, సన్నటి నీటి పొక్కులు లేచాయి.

తాజాగా ఉన్నప్పుడు లినలూల్ పెద్దగా ఏమీ చేయదట, గాలి తగిలి ఆక్సిడైజ్ అయ్యాకే అలర్జీ తెప్పించే పదార్థాలుగా మారుతుందట, అందుకే మూత తీసి చాలాకాలమైన సీసాతో ఇంకా జాగ్రత్త.

ఇప్పుడు స్నానం కాగానే తడి పూర్తిగా ఆరకముందే మామూలు పెట్రోలియం జెల్లీ పల్చగా రాస్తున్నాను. దురద పోయింది, నిజంగా ప్రాణం లేచొచ్చింది! కొందరు హైడ్రోసాల్ (లావెండర్‌ని ఆవిరి పట్టి నూనె తీసినప్పుడు మిగిలే సువాసన నీళ్లు) చెప్పారు గానీ అందులోనూ అదే నూనె కొద్దిగా ఉంటుంది, నేనైతే దాని జోలికి పోను. ఇంకోటి, ‘అన్‌సెంటెడ్’ అని రాసి ఉన్నా వాసన తెలియకుండా చేయడానికి సుగంధం కలిపి ఉండొచ్చు, కాబట్టి ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ ఉన్నవే తీసుకుని, వెనకాల లినలూల్, లిమొనీన్ (ఇదీ అలాంటి సుగంధ పదార్థమే) పేర్లు ఉన్నాయేమో కూడా చూడండి.