చివరి రోజు ఆధిక్యం పోగొట్టుకున్న అమ్మాయికి ఏం చెప్పాలి?

గోల్కొండ_నాన్న:
మా అమ్మాయికి పదిహేనేళ్లు. పోయిన వారం జూనియర్ గోల్ఫ్ టోర్నమెంట్ చివరి రోజు నాలుగు షాట్లు ముందుండి కూడా (గోల్ఫ్‌లో తక్కువ షాట్లు ఆడినవాళ్లే గెలుస్తారు), పదో హోల్ నుంచి వరసగా బోగీలు, అంటే హోల్‌కి నిర్ణయించినదానికంటే ఒక షాట్ ఎక్కువ, పడి ఓడిపోయింది. అప్పటినుంచి కిట్ ముట్టుకోవట్లేదు. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ఉంటే చెప్పండి.

ఫెయిర్‌వే72:
అన్నా, పాపకి కేథరీన్ లకోస్త్ గురించి చెప్పండి. 1967 అమెరికా మహిళల ఓపెన్, వర్జీనియాలోని హాట్ స్ప్రింగ్స్. ఈ ఫ్రెంచ్ అమ్మాయికి అప్పుడు 22 ఏళ్లు, అమెచ్యూర్, అంటే డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ కాదు. మొదటి మూడు రోజులు 71, 70, 74 కొట్టి ఐదు షాట్లు ముందుంది. చివరి రోజు అచ్చం మీ పాపలాగే పదో హోల్ నుంచి బోగీల మీద బోగీలు. ఆధిక్యం ఒక్క షాట్‌కి కరిగిపోయింది. అప్పుడు 17వ హోల్‌లో బర్డీ (నిర్ణయించినదానికంటే ఒక షాట్ తక్కువ) చేసింది. ఆ రోజు స్కోరు 79, అయినా మొత్తం 294తో రెండు షాట్ల తేడాతో గెలిచింది. ఆ టైటిల్ గెలిచిన అమెచ్యూర్ ఇప్పటికీ ఆమె ఒక్కతే.

విశాఖ_గాలి:
నేను ఇక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడతాను. రెండు బోగీలు పడితే చాలు, టెన్షన్‌లో నా నడక, స్వింగ్ రెండూ వేగం అయిపోతాయి. తోటి ఆటగాడు చెప్పేదాకా నాకే తెలియలేదు. ఇప్పుడు బోగీ పడగానే కావాలని మెల్లగా నడుస్తాను. పాప ఆట వీడియో ఉంటే ఒకసారి చూడండి.

రెండో_ఇన్నింగ్స్:
లకోస్త్ నాన్న టెన్నిస్ చాంపియన్ రెనె లకోస్త్, మొసలి బొమ్మ చొక్కాల ఆయన. ఆ ఓపెన్ గెలిచిన జూలై 2 ఆయన పుట్టినరోజు కూడా. అమ్మ సిమోన్ 1927లో ఉత్తర ఐర్లాండ్‌లో జరిగిన బ్రిటిష్ మహిళల అమెచ్యూర్ గెలిచింది. 1969లో కూతురు అదే టైటిల్ గెలిచింది, అదీ మళ్లీ ఉత్తర ఐర్లాండ్‌లోనే. అదే ఏడాది అమెరికా అమెచ్యూర్ కూడా కొట్టింది. ఇంత గెలిచాక కూడా ప్రొఫెషనల్ కాలేదు. ఆ నిర్ణయం నాకు చాలా ఇష్టం. మామూలు ఆటగాళ్లు భయపడే 1-ఐరన్ అనే గోల్ఫ్ కర్ర ఆమెకి అలవోకగా లొంగేది.

గోల్కొండ_నాన్న:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. "79 కొట్టి కూడా గెలిచిందా?" అని రెండుసార్లు అడిగింది. ఇప్పుడు ఆ 1-ఐరన్ ఎలా ఉంటుందో చూడాలంటోంది. ఎవరి దగ్గరైనా పాతది ఉంటే ఫొటో పెట్టండి.