జ్వరం వచ్చిన మొదటి రోజే స్టెరాయిడ్ సూది: మేలా, కీడా?

పొలంగట్టు:
మా అమ్మకు అరవై రెండేళ్లు, షుగర్ ఉంది. పోయిన నెల చలిజ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేశారు. సాయంత్రానికల్లా జ్వరం దిగి, అమ్మ లేచి కూర్చుని అన్నం కూడా తిన్నది. నాలుగో రోజు ఆయాసం. పట్నం తీసుకెళ్తే న్యుమోనియా అన్నారు, షుగర్ 380. ఖాళీ సీసా చూపిస్తే అది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ అని డాక్టరు గారు కోప్పడ్డారు. కోవిడ్‌లో ప్రాణాలు తీసింది సైటోకైన్ల తుపాను అనీ, ఇదే మందు కాపాడిందనీ అప్పట్లో పేపర్లలో చదివాను. ఆ సైటోకైన్లే దోషులైతే మొదటి రోజే వాటి నోరు కట్టేస్తే తప్పేమిటి?

సూక్ష్మదర్శిని:
దోషులు కావండీ, కబురు మోసే ప్రోటీన్లు. వేలికి ముల్లు దిగిందనుకోండి. దానితో పాటు లోపలికి వెళ్లిన బ్యాక్టీరియాను చర్మం కింద కాపు కాసే మాక్రోఫేజ్ కణాలు పసిగట్టి, కొద్ది గంటల్లోనే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 అనే సైటోకైన్లను వదులుతాయి. కబురు అందగానే పక్కనున్న సన్నని రక్తనాళాల లోపలి గోడ జిగురు తేలుతుంది. వేగంగా పోతున్న తెల్లకణాలు ఆ గోడకు తగులుకుని, దొర్లుతూ నెమ్మదించి, సందుల్లోంచి బయటికి దూరతాయి. వాటి వెంట ద్రవం ఊరుతుంది. మనకు కనిపించే ఎరుపు, వాపు, సలుపు అదే. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం దాకా వెళ్లి, ఒంట్లో వాపును రక్తపరీక్షలో చూపే ప్రోటీన్ సీఆర్‌పీ తయారు చేయిస్తుంది. జ్వరం తగిలిన రెండు గంటలకే రక్తం ఇచ్చి, సీఆర్‌పీ మామూలుగా ఉందని సంబరపడేవారిని ల్యాబులో రోజూ చూస్తుంటాను. అది పెరగడానికే ఆరేడు గంటలు పడుతుంది, శిఖరానికి చేరేది దాదాపు రెండో రోజుకు.

స్టెరాయిడ్ ఈ కబుర్ల తయారీనే కణం లోపల అణిచేస్తుంది. పారాసిటమాల్ అలా కాదు. మెదడులో జ్వరం పెంచే రసాయనం ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గించి వేడి దించుతుంది, తెల్లకణాలకు వెళ్లే పిలుపును ఆపదు. మీ అమ్మగారికి దిగింది జ్వరమే, లోపలి క్రిమి కాదు.

జడపాయ:
నేను ఒప్పుకోను. నాకు పదకొండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన రక్షణ కణాలే మన కీళ్లను దెబ్బతీసే జబ్బు. పొద్దున్నే పాల ప్యాకెట్ చింపలేక ఏడ్చిన రోజులున్నాయి. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ మొదలుపెట్టాకే నా జడ నేను వేసుకోగలుగుతున్నాను. రెండేళ్ల ముందే మొదలుపెట్టి ఉంటే ఈ వేళ్లు వంకరపోయేవి కావు. 2006లో లండన్‌లో ఆరుగురు ఆరోగ్యవంతులకు టీజీఎన్1412 అనే కొత్త మందును ప్రయోగంగా ఇచ్చారు. ఏ క్రిమీ లేదు. గంటన్నర లోపే తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలై, ఆరుగురూ ఇంటెన్సివ్ కేర్‌కు చేరారు. బతికారు కానీ, వారిని అంత దూరం తీసుకెళ్లింది మీరు చెప్పే ఈ కబుర్లే. స్టెరాయిడ్ అంటే భూతమని భయపెడితే, నిజంగా అవసరమైనవాళ్లు కూడా మానేస్తారు.

సూక్ష్మదర్శిని:
మీ వేళ్ల సంగతిలో మీరన్నదే నిజం. అక్కడ శత్రువు లేకుండానే కేకలు వేస్తున్నారు, ఎంత త్వరగా ఆపితే అంత మంచిది. మరి ఆ ఇంజెక్షన్‌కు ముందు మీకు టీబీ పరీక్ష చేసి ఉంటారు కదా? ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న టీబీ క్రిములను కణాల గోడ కట్టి బంధించి ఉంచడంలో టీఎన్‌ఎఫ్‌ది పెద్ద పాత్ర. దాన్ని ఆపితే గోడ కూలుతుంది. రక్తమంతా విషమించే సెప్సిస్‌లోనూ టీఎన్‌ఎఫ్‌ను ఆపితే రోగి బతుకుతాడని 1990లలో ఎంతో ఆశతో ప్రయత్నించారు. ఆశించిన ఫలితం రాలేదు.

కోవిడ్ లెక్క కూడా పూర్తిగా చూద్దాం. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధనలో, 28 రోజుల లోపు మరణాలు వెంటిలేటర్ మీదున్నవారిలో 41.4 శాతం నుంచి డెక్సామెథాసోన్‌తో 29.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మందు వాడనివారు 14 శాతం, వాడినవారు 17.8 శాతం మరణించారు. ఆ తేడా కచ్చితంగా హాని అని తేల్చేంతటిది కాదు, కానీ మేలు మాత్రం కనబడలేదు. మందు ఒకటే, వేళ వేరు.

ఊరిచెరువు:
ఆర్‌ఎంపీని ఒక్కడినే నిలదీయకండి. నాట్ల రోజుల్లో మంచాన పడితే కూలి పోతుంది. "పొద్దుటికి లేచేలా సూది వెయ్యి" అని అడిగేది మనమే. వేయనంటే పక్క ఊరికి పోతాం.

జడపాయ:
టీబీ పరీక్ష చేశారు, ఎక్స్‌రే కూడా తీశారు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. అయినా ఒక మాట: స్టెరాయిడ్ వద్దు అని కాకుండా, ఎవరికి, ఎప్పుడు అన్నది చెప్పండి. మొదటి మాట వినే సగంమంది ఆగిపోతారు.

పొలంగట్టు:
అమ్మ ఇంటికి వచ్చింది. నిన్న షుగర్ 190. రేపు ఆ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తున్నాను, గొడవకు కాదు. ఆ రోజు సూది వేయమని తొందరపెట్టింది నేనే. సూదికి ముందు షుగర్ ఉందా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.