బాపు సందూగుల దొరికిన ఎంప్లాయిమెంట్ కార్డు: ఇది దేనికి పనికొచ్చేది?

హన్మకొండ చిన్నోడు

మొన్న ఇంటికి సున్నం ఏపిద్దామని సామాన్లు జరుపుతుంటే బాపు ఇనుప సందూగుల ఒక పాలిథీన్ కవర్ దొరికింది. అండ్ల పాత రేషన్ కార్డు, పదో తరగతి మెమో, ఆ రెండిటి నడుమ ఒక దళసరి కార్డు. మీద 'ఎక్స్-10' అని అచ్చు, రిజిస్ట్రేషన్ నంబరు, తారీఖు 1984 జూలై. వెనక గళ్లల్ల మూడు ముద్రలున్నయి: 87, 90, 93. ఆ తర్వాతి గళ్లన్నీ ఖాళీ. బాపు పోయి రెండేండ్లాయె. అమ్మనడిగితే "దాంతోని ఒక్క పైస రాలే, గని పారేస్తనంటే కొట్లాటకొచ్చేటోడు" అన్నది. నెలనెలా భృతి ఇచ్చే కార్డా ఇది? తెలిసినోళ్లు చెప్పండ్రి.

వైండింగ్ కాకా

భృతి గిట్ల ఏం లేదు బిడ్డా. కేరళల 1982 నుంచే నిరుద్యోగులకు నెలకింత అని ఇచ్చేటోళ్లు, మనకు మాత్రం ఉత్త కార్డే. ఏదన్న ఆఫీసుల అటెండరో టైపిస్టో కావాల్నంటే వాళ్లు ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీకి, అంటే కొలువు లేనోళ్లు పేరు రాయించుకునే సర్కారు ఆఫీసుకు, రాసేది. ఎక్స్ఛేంజోళ్లు ముందు తారీఖోళ్లను ఏరి లిస్టు పంపేది. లిస్టుల ఉన్నోనికే కాల్ లెటర్. అంటే కార్డు మీద అసలు సొమ్ము ఆ తారీఖే. అందుకే మెమో చేతికొచ్చిన మర్నాడే ఉరికేటోళ్లం.

నేను 1983ల పాసైన. మాది పరకాల దిక్కు పల్లె. మెమోకు ట్రూ కాపీ కావాలె, దాని మీద గెజిటెడ్ సంతకం కావాలె. జిరాక్సు మిషిన్లు మా దిక్కు ఇంకా రాలే, టైపు ఇన్‌స్టిట్యూట్‌ల మార్కులన్నీ మళ్లా టైపు కొట్టించుడే. సంతకానికి పెద్దసార్ దగ్గరికి పోతే ఊర్ల లేడు. అప్పుడు ఎవలో చెప్పిండ్రు, పశువుల డాక్టర్ గూడ గెజిటెడే అని. దవాఖానకు పోయిన. ఒక బర్రెను కొయ్యలల్ల ఇరికిచ్చి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి చూస్తుండు. నన్ను చూసి "నీదేం పశువు?" అన్నడు. "నేనే సార్" అన్న. నవ్విండు. సబ్బుతోని చెయ్యి కడుక్కొని, టవల్‌కు తుడుసుకొని, జేబులకెల్లి పచ్చ సిరా పెన్ను తీసి సంతకం పెట్టిండు, ముద్ర గుద్దిండు. కాపీకి ఒక మూలకు తడి అంటింది, నాలుగు రోజులు అదే వాసన.

ఎక్స్ఛేంజీకాడికి మొదటి బస్సుకు పోయినా నా ముందట నూటయాభై మంది ఉన్నరు. అవ్వ కట్టిన సద్ది లైన్లనే నిలబడి తిన్న. క్లర్కు "ఏం పని వస్తది?" అన్నడు. ఏం రాదు సార్ అన్న. ఉద్యోగ అనుభవం లేనోళ్లందరికీ ఎక్స్ అక్షరంతోని మొదలయ్యే కోడ్, అదే రాసిండు.

ఇగ నా కథ. మూడేండ్లకోసారి రెన్యువల్ చేయించాలె. 86ల నాది పడే నెలకు నేను మహారాష్ట్రల భీవండిల సాంచాల (మరమగ్గాల) మీద ఉన్న. తెల్వకుండ కాదు, తెలిసే. ఇయ్యాల పోదాం రేపు పోదాం అనుకుంట ఉన్న, సద్దుల బతుకమ్మకు ఇంటికొచ్చేసరికి కార్డు చచ్చింది. కొత్తది ఇచ్చిండ్రు, 86 తారీఖుతోని. ఆఫీసోళ్ల తప్పేం లేదు, రూలది. నాతోని లైన్ల నిలబడ్డ మా ఊరాయనకు 89ల అటెండరుకు కాల్ లెటర్ వచ్చింది. నాకు రాలే. తర్వాత గూడ రాలే. మోటర్ వైండింగ్ నేర్చుకున్న. నాకంటే మీ బాపు నయం, మూడు ముద్రలు ఏపిచ్చిండు.

కరీంనగర్ అక్క

కాల్ లెటర్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు తమ్మీ. ఒక్క పోస్టుకు ఎంతోమందిని పిలిచేటోళ్లు. నేను టైపు లోయర్ పాసై కార్డుల చేర్పించుకున్న. 1989ల ఒక ఆఫీసుల లీవు వేకెన్సీకి, అంటే సెలవు మీద పోయినోళ్ల జాగలకు, పిలిచిండ్రు, 89 రోజులు. ఆఖరు రోజు సాయంత్రం మిషిన్ మీద గుడ్డ కప్పి ఇంటికొచ్చిన. కొన్నాళ్లకు మళ్లా 89 రోజులు. గిట్ల నాలుగు సార్లు. 1994ల 212 జీవో వచ్చి, 93 నవంబర్ నాటికి అయిదేండ్లు చేసినోళ్లను పర్మినెంట్ చేస్తమన్నప్పుడు నా 89లన్నీ కలిపి చూసుకుంటే ఏడాది గూడ దాటలే. అప్పుడే మెషిన్ కొనుక్కొని ఇంట్ల జాబ్ వర్క్ పెట్టుకున్న.

రూల్ పొజిషన్

కాకా చెప్పిందానికి ఒక ముక్క. అప్పటి 1959 చట్టం ప్రకారం ఖాళీ ఉన్నదని ఎక్స్ఛేంజీకి తెలుపుడే తప్పనిసరి ఉండె, అక్కడి నుంచే తీసుకోవాల్నని ఆ చట్టంల లేకుండె. గని సర్కారు ఆఫీసులు ఎక్కువగా ఆ లిస్టు మీదనే నడిచేవి. 1996ల కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసుల సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజీ లిస్టొక్కటే సరిపోదు, పేపర్ల గూడ ప్రకటన ఇచ్చి బయటోళ్లను గూడ చూడాలె అన్నది. దాంతోని తారీఖు బలం సగం పోయింది.

హన్మకొండ చిన్నోడు

కాకా, పశువుల డాక్టర్ ముచ్చట అమ్మకు చదివి ఇనిపిస్తే కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. ఒకటి అడుగుత. 87ల బాపు రామగుండంల ప్లాంటు కాడ మేస్త్రీ పనికి పోయిండట. మరి ముద్ర ఎట్ల పడ్డది?

వైండింగ్ కాకా

పోస్టుల గూడ అయ్యేది. జవాబు కార్డని ఉండేది, రెండు కార్డులు అతికి ఉంటయి. ఉత్త కార్డు 15 పైసలు, ఇది 30. ఒకదాని మీద నీ నంబరు, తారీఖు రాసి ఆఫీసుకు పంపితే, రెండోది వాళ్లు నింపి తిప్పి పంపేది. తర్వాత ఎప్పుడో పోయినప్పుడు కార్డు మీద ముద్ర ఏపిచ్చుకునుడు. నాకు గూడ తెలుసు ఆ సంగతి. భీవండిల మా రూముకు ఎదురుంగనే పోస్టాఫీసు ఉండె.

హన్మకొండ చిన్నోడు

మీరు చెప్పినంక కవర్ మళ్లా దులిపిన. మెమో మడతల ఉన్నది కాకా, జవాబు కార్డు. రెండూ అతికే ఉన్నయి, పోస్టు ముద్ర లేదు. ఆఫీసు అడ్రస్ బాపు రాతనే. కింద '1996 జూలై రెన్యువల్ కొరకు' అని ఉన్నది. అమ్మకు చూపెట్టిన. "ఆ నెల బోరు ఏయించినం, నీళ్లు పడలే" అన్నది, అంతే.

వైండింగ్ కాకా

నంబరు రాసిండా?

హన్మకొండ చిన్నోడు

రాసిండు. 84 తారీఖు గూడ రాసి, దాని కింద రెండు గీతలు కొట్టిండు.