నర్సు ఉద్యోగాలకి 212 మంది అప్లై చేశారు, చేరింది ఒక్కరు. యాప్ మార్చాలా, యాడ్ మార్చాలా?

పేట_సిస్టర్:
నమస్తే అండి. నరసరావుపేటలో 60 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ ఇన్‌ఛార్జిని. 14 మంది స్టాఫ్ నర్సులు ఉండాల్సిన చోట 9 మందితో నెట్టుకొస్తున్నాం. మొన్న శనివారం నైట్ ఒక అమ్మాయి జ్వరమని రాలేదు. 22 మంది పేషెంట్లకి నేనూ, ఇంకో పిల్లా. తెల్లవారుజామున మూడింటికి ఒక పెద్దాయన నిద్రమత్తులో చేతికి సెలైన్ ఎక్కించే కాన్యులా పీకేసుకున్నాడు, దుప్పటంతా రక్తం. నేనక్కడ దూది పెట్టి నొక్కుతుంటే అవతలి మంచం నుంచి "సిస్టరూ, సెలైన్ అయిపోయింది" అని కేకలు.

ఇదివరకు మనిషి కావాలంటే నర్సింగ్ కాలేజీకి ఫోన్ చేసేవాళ్లం, లేదంటే ఉన్న పిల్లలే క్లాస్‌మేట్లని తెచ్చేవారు. ఈసారి డాక్టరుగారు డబ్బు కట్టి ఒక జాబ్ యాప్‌లో యాడ్ పెట్టించారు. యాడ్ ఇదీ (జీఎన్ఎం అంటే నర్సింగ్ డిప్లొమా): "స్టాఫ్ నర్సులు కావలెను. జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్. ఫిమేల్ ఓన్లీ. ఆకర్షణీయమైన జీతం. వెంటనే చేరాలి."

మూడు వారాల్లో 212 అప్లికేషన్లు. సంబరపడ్డాం. తీరా చూస్తే ఎక్కువమంది ఏఎన్ఎంలు (జీఎన్ఎం కంటే చిన్న కోర్సు చదివినవాళ్లు), ల్యాబ్ టెక్నీషియన్లు, ఇంకా ఫైనల్ ఇయర్ రాయని పిల్లలు. ఒకతనైతే బీకామ్. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు 31 మంది తేలారు. ఫ్రంట్ ఆఫీస్ అబ్బాయి అందరికీ ఫోన్లు చేస్తే ఎత్తింది 12 మంది. సోమవారం వస్తామన్నది ఏడుగురు. వచ్చింది ఇద్దరు. ఒకమ్మాయి చేరింది, నాలుగో నైట్ నుంచి ఫోన్ స్విచాఫ్.

ఎక్కడ తప్పు చేస్తున్నాం?

నైట్‌డ్యూటీ_జీఎన్ఎం:
మేడమ్, కూకట్‌పల్లిలో పనిచేస్తున్నాను, అప్లై చేసే వైపు నుంచి చెప్తాను. ఆకర్షణీయమైన జీతం అని ఉంటే మేం ఆగకుండా కిందికి జరిపేస్తాం. చెప్పుకునే జీతమైతే అంకె వేసేవాళ్లు కదా అనుకుంటాం. నైట్ ఎన్ని గంటలు, నెలకి ఎన్ని నైట్లు, హాస్టల్ ఉందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకుంటారా... మేం చూసేవి ఇవే. ఆ చివరిదానికి భయపడే సగం మంది ఇంటర్వ్యూకి రారు. మా ఫ్రెండ్ ఒకామె ఇంకో చోట మానేశాక తన సర్టిఫికెట్ల కోసం రెండు నెలలు తిరిగింది.

ఇంకోటి, మీ ఆఫీస్ అబ్బాయి ఏ టైముకి ఫోన్ చేశాడు? పగలు పదకొండుకా? మార్నింగ్ డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ లాకర్లో ఉంటుంది. నైట్ చేసినవాళ్లు నిద్రలో ఉంటారు. ఎత్తినా పక్కన ఇన్‌ఛార్జి ఉంటే ఏం మాట్లాడతాం? వాట్సాప్‌లో వివరాలు పెట్టండి. రాత్రి తొమ్మిదికి హాస్టల్‌కొచ్చి చూసుకుని జవాబిస్తాం.

గోదావరి_హెచ్ఆర్:
రాజమండ్రి నుంచి. అప్లికేషన్‌కి ముందు ప్రశ్నలు పెట్టే వీలు చాలా యాప్‌లలో ఉంటుంది, అది వాడుకోండి. మేం రెండే పెడతాం: కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఎప్పుడు చేరగలరు. అప్లికేషన్లు ఒక్కసారిగా పడిపోతాయి, కంగారుపడకండి. మిగిలినవాళ్లే మనకి కావాల్సినవాళ్లు. డబ్బు కట్టేముందు కేంద్రం వారి నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో కూడా పెట్టండి, అది ఉచితం.

గవర్నమెంట్ నోటిఫికేషన్ల మీదా ఓ కన్నేసి ఉంచండి. తెలంగాణలో 2024 సెప్టెంబరులో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు పడ్డాయి. అలాంటివి వచ్చాయంటే అక్కడి ప్రైవేటు వార్డుల్లో సగం మంది పుస్తకాలు పట్టుకుంటారు. అప్పుడు యాడ్ ఇచ్చి లాభం లేదు.

రిటైర్డ్_మేట్రన్:
అమ్మాయ్, యాడ్ సంగతి తర్వాత. నువ్వు ఎంత ఇస్తున్నారో మాకే చెప్పలేదు. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ ఏమందో మీ డాక్టరుగారికి చూపించు. 50 నుంచి 100 పడకలుంటే గవర్నమెంటు నర్సు జీతంలో 25 శాతానికి మించి తగ్గించకూడదు. 50 లోపు ఆసుపత్రిలోనే కనీసం 20,000 అన్నారు. అది సిఫార్సే, అమలు చేసేవాళ్లు తక్కువ, నాకూ తెలుసు. కానీ పిల్లలందరికీ ఆ అంకె తెలుసు.

బ్రదర్_బీఎస్సీ:
ఫిమేల్ ఓన్లీ ఎందుకండీ? ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్‌సెట్‌లో మా మగ నర్సులకి నూటికి 20 పోస్టులే. ప్రైవేటుకొస్తే మీరూ తలుపేస్తారు. ఆ 31 మందిలో మగవాళ్లు లేరా?

పేట_సిస్టర్:
అందరికీ థ్యాంక్స్. నెలన్నర తర్వాత రాస్తున్నాను.

మేట్రన్ అమ్మా, ఇచ్చేది 16,000. సిగ్గేసి రాయలేదు. మీ మెసేజ్ డాక్టరుగారికి చూపించాను. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత 19,000 చేశారు, ఉన్న తొమ్మిది మందికీ కలిపి. కొత్తవాళ్లకి మాత్రమే పెంచితే ఉన్నవాళ్లు పోతారని గట్టిగా చెప్పాల్సొచ్చింది.

యాడ్ మార్చాం. జీతం అంకె, నైట్ 12 గంటలు, నెలకి 8 నైట్లు, ఒరిజినల్స్ చూసి అప్పుడే తిరిగిచ్చేస్తాం. ఈసారి వచ్చినవి 26 అప్లికేషన్లే. డాక్టరుగారు యాప్ పాడైందేమో చూడమన్నారు! రాత్రి తొమ్మిది తర్వాత నా ఫోన్ నుంచే మెసేజ్‌లు పెట్టాను. ఆరుగురు వచ్చారు, ముగ్గురు చేరారు.

బ్రదర్ గారూ, పాత 31 మందిలో 11 మంది మగపిల్లలే. ఫిమేల్ ఓన్లీ అని రాయించింది నేనే, హాస్టల్ ఆడపిల్లలదని. ఇప్పుడు ల్యాబ్ పైన గది ఖాళీ చేయించాం. చేరిన ముగ్గురిలో ఇద్దరు బ్రదర్సే. ఆ కాన్యులా పెద్దాయన మళ్లీ అడ్మిట్ అయ్యాడు, గడ్డం గీయించుకోవడానికి బ్రదర్‌నే పిలవమంటున్నాడు.

ఇంకా ఇద్దరు తక్కువ. నైట్ అలవెన్స్ సంగతి డాక్టరుగారు తేల్చలేదు. మీ దగ్గర ఒక్కో నైట్‌కి ఎంతిస్తున్నారో ఎవరైనా చెప్తే ఆయనకి అదీ చూపిస్తాను.