నాన్నగారి నడకకి టీఎంఎస్ చేయించమంటున్నారు, చేయించాలా?

సీతమ్మధార అబ్బాయి:
నాన్నగారికి పార్కిన్సన్స్. చేతి వణుకు మందులతో బాగానే తగ్గింది కానీ నడకే పెద్ద టెన్షన్ అయిపోయింది. వంటింటి గుమ్మం దగ్గరా, బాత్రూంలో వెనక్కి తిరిగేటప్పుడూ కాళ్లు నేలకి అతుక్కుపోతాయి, మడమలు లేస్తాయి గానీ వేళ్లు కదలవు, ఒళ్లు మాత్రం ముందుకి తూలిపోతుంది. విచిత్రం ఏంటంటే మెట్లు చకచకా ఎక్కేస్తారు! ఇక్కడ ఒక సెంటర్‌లో ఆపరేషన్ అక్కర్లేదు, తల మీద మాగ్నెట్ పెడితే (దాన్నే టీఎంఎస్ అంటారట) నడక మామూలైపోతుందని ప్యాకేజీ చెప్పారు, డబ్బు మొత్తం ముందే కట్టాలట. ఎవరైనా చేయించారా?

గాజువాక ఫిజియో:
మామూలైపోతుందని చెప్పేవాళ్లకి ముందే డబ్బు కట్టకండి. టీఎంఎస్ అబద్ధం కాదు, 1985 నుంచీ ఉన్నదే, తల మీద పెట్టే కాయిల్ (తీగచుట్ట) లోంచి వచ్చే అయస్కాంత తరంగం పుర్రె దాటి లోపల చిన్న కరెంటు పుట్టిస్తుంది. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2008లో ఓకే అన్నది మాత్రం డిప్రెషన్‌కి, ఈ నడకకి కాదు. పైగా కాళ్లని కదిలించే భాగం మెదడు రెండు సగాల మధ్య చీలికలో లోతుగా ఉంటుంది, మామూలు కాయిల్ అక్కడిదాకా సరిగ్గా అందదు. ఏ కాయిల్, ఏ భాగం మీద పెడతారో అడిగి చూడండి, తడబడితే మీకే అర్థమవుతుంది.

మెట్ల సంగతి విచిత్రం కాదండీ. కంటికి గీతలా ఏదైనా కనిపిస్తే మెదడు వేరే దారిలో అడుగు వేయిస్తుంది. వాకిట్లో ముగ్గు దాటేటప్పుడు ఆగుతారా, గమనించండి.

ఎంవీపీ కాలనీ లలిత:
మా అమ్మకి చేయించాం తమ్ముడూ. నొప్పి లేదు, టకటకమని ఒకటే చప్పుడు, చెవుల్లో ప్లగ్స్ పెట్టారు. కొన్నాళ్లు ఇల్లంతా చకచకా తిరిగేది, తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. అది మాగ్నెట్ గొప్పో, రోజూ దాంతోపాటు చేయించిన నడక వ్యాయామం గొప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాం.

న్యూరో పీజీ:
లలితగారి అనుమానం సరైనదే. పార్కిన్సన్స్‌లో నమ్మకంతోనే మెదడులో డోపమైన్ (కదలికలకి కావాల్సిన రసాయనం) కొంత పెరుగుతుంది, అందుకే ఉత్తుత్తి కాయిల్ పెట్టినా కొందరు బాగా నడుస్తారు. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు ఎక్కువగా చిన్నవి, కొన్నిటిలో మేలు కనిపించింది, కొన్నిటిలో లేదు.

ముందు ఒకటి చూడండి: ఆగిపోవడం మాత్ర పవర్ తగ్గిన టైంలోనా, బాగా పనిచేస్తున్నప్పుడు కూడానా? మొదటిదైతే డోసులు సర్దితేనే చాలావరకు తగ్గొచ్చు. లెవోడోపా (పార్కిన్సన్స్ మాత్ర) వేసుకున్న వెంటనే పప్పు, గుడ్డు లాంటి ప్రొటీన్ తిండి తింటే మందు సరిగ్గా ఎక్కదు, తినడానికి అరగంట ముందే వేయండి. పేస్‌మేకర్, తల లోపల ఆపరేషన్‌లో పెట్టిన క్లిప్పులు, ఫిట్స్ ఉంటే టీఎంఎస్ సెంటర్‌కి తప్పకుండా చెప్పాలి. ఆన్‌లైన్‌లో అమ్మే కరెంటు హెడ్‌బ్యాండ్లు మాత్రం కొనకండి.

సీతమ్మధార అబ్బాయి:
ఫిజియోగారూ, మీరు చెప్పినట్టే ముగ్గు దగ్గర అస్సలు ఆగడం లేదు! పేస్‌మేకర్ లేదు, గుండెలో స్టెంట్ ఉంది, ఫర్వాలేదా? మాత్ర వేసుకునేది టిఫిన్‌తోనే, పెసరట్టు ప్లేటు పక్కనే పెట్టుకుని.

న్యూరో పీజీ:
స్టెంట్ మామూలుగా అడ్డు కాదు, అయినా చెప్పండి. ముందు మాత్ర టైం మార్చండి, కొన్ని వారాలు ఏ టైంలో ఆగిపోతున్నారో రాసుకుని మీ న్యూరాలజిస్టుకి చూపించండి. ప్యాకేజీ ఎక్కడికీ పోదు.

గాజువాక ఫిజియో:
వంటింటి గుమ్మం ముందు నేల రంగు మీద కొట్టొచ్చినట్టు కనిపించేలా టేపు అడ్డంగా అంటించండి, అడుగుకొకటి చొప్పున. ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు, పడిపోతారు. ఒక కాలి మీద బరువు వేయమని చెప్పి, రెండో కాలు గీత దాటించమనండి.