గాలియం ఆర్సెనైడ్ వేఫర్ చితికింది, ఆ పొడిని ఏం చేయాలి?

ప్రశ్న:
నేను తార్నాకలో ఉంటూ భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మొన్న గాలియం ఆర్సెనైడ్ వేఫర్‌ను (చిప్‌ల తయారీకి వాడే పలుచని పలకను) వజ్రపు మొనతో గీసి విరుస్తుండగా ఒక మూల చితికి, బల్ల మీద గోరంత మేర బూడిదరంగు పొడి రాలింది. సహాయకుడు చీపురు అందుకోబోతే ఆపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పెట్టాను. ఇందులోని ఆర్సెనిక్ గురించి ఎంత భయపడాలి? సిలికాన్ ఉండగా అసలు దీన్ని ఎందుకు వాడుతున్నారు?

మొదటి జవాబు:
చీపురును ఆపి మీరు చాలా మంచి పని చేశారు. నిండు వేఫర్‌ను తొడుగులు వేసుకుని పట్టుకుంటే పెద్దగా భయం లేదు, అది నీటిలో కరగదు. భయమంతా పొడితోనే. ఊపిరితిత్తుల్లో చేరిన పొడి మెల్లగా కరిగి, అందులోని ఆర్సెనిక్ రక్తంలో కలుస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. కాబట్టి కోత, అరగదీత ఎప్పుడూ తడిగానే జరగాలి.

ఇక సిలికాన్ మాట. దానిలో ఎలక్ట్రాన్ చలనశీలత, అంటే ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయనే కొలత, సుమారు 1,400 సెం.మీ²/వోల్ట్·సెకను ఉంటే, దీనిలో 8,500 వరకు ఉంటుంది. పైగా 1.42 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రత్యక్ష శక్తి అంతరం (ఎలక్ట్రాన్ వదిలే శక్తి నేరుగా కాంతిగా మారగల అంతరం) ఉండటం వల్ల ఇది కాంతిని చక్కగా వెలువరిస్తుంది. అందుకే లేజర్లలో, ఫోన్ల సంకేతాలను పెంచే చిప్‌లలో, ఉపగ్రహాల సౌర ఫలకాలలో దీన్నే కోరుకుంటారు. మన హైదరాబాద్‌లోనే గేటెక్ కేంద్రం ఈ పదార్థంతో చిప్‌లు తయారుచేస్తోంది.

రెండో జవాబు:
పై జవాబులో ఆమ్లాల ప్రస్తావన లేదు, నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది అదే. వేఫర్‌ను కడిగిన ఆమ్లంలో ఆర్సెనిక్ కరిగి ఉంటుంది. దానికి జింకో అల్యూమినియమో తగిలితే ఆర్సీన్ వాయువు పుడుతుంది, కాబట్టి ఆ ద్రవాన్ని ఎన్నడూ లోహపు పాత్రలో పోయకండి. ఆర్సీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. వెల్లుల్లి వాసన వస్తే తెలుస్తుందిలే అని కొందరు అనుకుంటారు, కానీ అనుమతించిన పరిమితి 0.05 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఇన్ని భాగాలు) కాగా, వాసన తెలిసేది దాదాపు 0.5 దగ్గర. తలనొప్పి, ముదురు ఎరుపు మూత్రం వంటి లక్షణాలు కొన్ని గంటల తరువాతే కనిపిస్తాయి. అనుమానం రాగానే, లక్షణాల కోసం చూడకుండా, బయటి గాలిలోకి వచ్చి ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా గదిలో ఆమ్లపు వ్యర్థాల డబ్బా మూత లోహానిదే, ఇవాళే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్పిస్తాను. ఆ గుడ్డ సంచిని చెత్తబుట్టలో వేయవచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు:
వద్దమ్మా. సంచిపై ఆర్సెనిక్ వ్యర్థమని రాసి, తేదీ వేసి, మీ సంస్థ భద్రతాధికారికి అప్పగించండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రత్యేక కేంద్రానికే చేరాలి.